మైకు ఎందుకు కూసింది?

మన ఊళ్ళలో ఏ సభ జరిగినా మొట్టమొదట వేదిక ఎక్కేది అధ్యక్షులవారు కాదు, మైకుసెట్టు అతను. అతను మైకును వేలితో టకటకా కొట్టి, "హలో, హలో, మైక్ టెస్టింగ్, వన్, టూ, త్రీ" అంటాడు. మూడు అనేలోపలే మైకు "కూఁ..." అని చెవులు చిల్లులు పడేటట్టు కూస్తుంది. జనమంతా చెవులు మూసుకుని అతన్ని తిడతారు.

ఈ కూత మూలాన కిందటి ఏడు మా ఊరి స్కూలు వార్షికోత్సవంలో ఒక అమ్మాయి పాట తప్పిపోవలసింది. తప్పిపోలేదు. అది ఎలా జరిగిందో చెబుతాను.

ఆ ఏడు స్కూలు పిల్లలు అయిదుగురు కలిసి ఒక సంగీత బృందం కట్టారు. ఒకడు కీబోర్డు, ఒకడు గిటారు, ఒకడు డోలక్. డోలక్ కుర్రవాడు వాయిస్తూనే వంత పాడతాడు. అసలు పాటగాళ్ళు ఇద్దరు. పదో తరగతి కుర్రవాడి గొంతు ఈమధ్యనే మారింది. గంగాళంలో తల పెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. తొమ్మిదో తరగతి అమ్మాయిది మెత్తని గొంతు. శ్రుతి తప్పదు, ప్రతి మాటా ముత్యంలాగా పలుకుతుంది. కాని పది అడుగుల దూరంలో కూర్చున్నవాళ్ళకు ఆ పాట డోలక్ మోతలో కలిసిపోతుంది.

అందుకని వాళ్ళలో ఒకడి తండ్రి ఎవరినో అడిగి ఒక మైకు అరువు తెచ్చాడు. అది ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే మైకు. పాలడబ్బా అంత లావున, వెండిలాగా మెరుస్తూ ఉన్నది. "దీని ముందర గుండుసూది పడినా వినిపిస్తుంది," అన్నాడాయన. మెత్తని గొంతు గల అమ్మాయికి అటువంటి మైకే ఉండాలని అందరికీ తోచింది. మీకూ అలాగే తోచేది కదూ?

రిహార్సలు మొదలయింది. అమ్మాయి పాట ఎత్తుకున్నది. వినపడలేదు. మైకుసెట్టు తాత మిక్సరు మీద మీట కాస్త పైకి జరిపాడు. మైకు కూసింది. తగ్గిస్తే కూత ఆగింది, పాటా ఆగినట్టే అయింది. ఇలా మూడుసార్లు జరిగాక డ్రిల్లు మాస్టారికి విసుగెత్తింది.

"ఈ అమ్మాయి గొంతు మైకుకు చాలదు. ఆ పాట కూడా అబ్బాయే పాడేస్తాడు," అన్నాడాయన.

అమ్మాయి ఏమీ అనలేదు. పాట రాసుకున్న నోటుపుస్తకం మూసి, వేదిక దిగి, మెట్ల పక్కన కూర్చున్నది.

"మాస్టారూ, గొంతు చాలక మైకు కూయదండి. ఒక్క గంట నాకు వదిలెయ్యండి," అన్నాడు మైకుసెట్టు తాత.

ఆ గంటలో తాత చేసిన పని తెలియాలంటే, ముందు ఆ కూత ఎక్కడనుంచి పుడుతుందో తెలియాలి.

మైకులో పలచని పొర ఒకటి ఉంటుంది. మనం మాట్లాడితే గాలి కదులుతుంది, గాలి కదిలితే పొర కదులుతుంది. వేదికల మీద వాడే చాలా మైకుల్లో ఈ పొరకు సన్నని తీగచుట్ట అంటించి ఉంటుంది. చుట్ట ఒక అయస్కాంతం మధ్య ఆడుతుంది, ఆడినప్పుడల్లా తీగలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఆ కొద్ది విద్యుత్తును ఆంప్లిఫయరు ఎన్నో రెట్లు పెంచి లౌడ్‌స్పీకరుకు పంపుతుంది. లౌడ్‌స్పీకరులోనూ పొరా, తీగచుట్టా, అయస్కాంతమూ ఉన్నాయి. అక్కడ పని తలకిందులుగా జరుగుతుంది: విద్యుత్తు వచ్చి చుట్టను ఆడిస్తే గాలి కదిలి శబ్దం అవుతుంది. మైకూ, లౌడ్‌స్పీకరూ అన్నదమ్ములని చెప్పవచ్చు. ఒకడు వింటాడు, ఒకడు మాట్లాడతాడు.

అరువు తెచ్చిన మైకు మరొక జాతిది. అందులో తీగచుట్ట లేదు. పలచని పొర ఒకటి, దాని వెనక కదలని పలక ఒకటి ఉంటాయి. పొర కదిలినప్పుడు రెంటి మధ్య ఎడం మారి విద్యుత్తు మారుతుంది. దీన్ని కండెన్సర్ మైకు అంటారు. అమెరికాలో బెల్ కంపెనీ టెలిఫోన్ల కోసం పనిచేస్తూ వెంటే అనే ఆయన 1916లో దీన్ని తయారుచేశాడు. దీనికి బయటినుంచి విద్యుత్తు అందాలి. ఇప్పటి మిక్సర్లు 48 వోల్టులు మైకు తీగలోనుంచే పంపుతాయి. పొర చాలా తేలిక కావటం చేత చిన్నచిన్న శబ్దాలు కూడా చక్కగా పట్టుకుంటుంది. తలుపులు మూసిన గదిలో ఒక్కరే పాడేటప్పుడు ఇది దివ్యమైన వస్తువు.

కాని మన వేదిక మీద తలుపులు మూసిన గది ఏదీ?

అమ్మాయి పాడుతుంది. మైకు వింటుంది. లౌడ్‌స్పీకరు ఆ పాటను పెద్దది చేసి వినిపిస్తుంది. ఆ పెద్ద పాటలో కొంత తిరిగి వచ్చి మళ్ళీ మైకులో పడుతుంది. ఇది అమ్మాయి గొంతో, లౌడ్‌స్పీకరు గొంతో మైకుకు తెలియదు. వచ్చినదాన్ని వచ్చినట్టే పంపేస్తుంది. ఊళ్ళో చాడీలు తిరిగే తీరు చూడండి. ఎల్లమ్మ పుల్లమ్మతో ఒక మాట అంటుంది, పుల్లమ్మ దానికి కాస్త కలిపి ఇంకొకరితో అంటుంది, సాయంత్రానికి అది ఏనుగంత అయి ఎల్లమ్మ ఇంటికే వస్తుంది.

ఇక్కడ సాయంత్రం దాకా ఆగనక్కరలేదు. శబ్దం గాలిలో సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. లౌడ్‌స్పీకరు మైకుకు 3.4 మీటర్ల దూరంలో ఉంటే, శబ్దం సెకండుకు 100 చుట్లు తిరుగుతుంది. ఒక్కొక్క చుట్టుకు అది పదోవంతు తగ్గుతూ వచ్చిందనుకోండి, చప్పున చచ్చి ఊరుకుంటుంది. అలా కాక, పదోవంతు పెరుగుతూ వచ్చిందనుకోండి. 50 చుట్లు తిరిగేసరికి, అంటే అర సెకండులో, అది 117 రెట్లు అవుతుంది! (కావాలంటే 1ని 1.1తో యాభైసార్లు గుణించి చూసుకోండి. లెక్కల మాస్టారు మెచ్చుకుంటారు.) అక్కడినుంచి ఆంప్లిఫయరు శక్తి అంతా అయిపోయేదాకా పెరుగుతుంది. మనం విన్న కూత అదే. మీట వెంట్రుకవాసి పైకి జరిపితే కూయటం, వెంట్రుకవాసి దించితే మానటం ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా?

కాబట్టి కూత మానాలంటే రెండే దారులు. అమ్మాయి గొంతు మైకుకు ఎక్కువగా వినపడాలి. లౌడ్‌స్పీకరు గొంతు దానికి తక్కువగా వినపడాలి. తాత ఆ రెండు పనులూ చేశాడు.

"అమ్మాయీ, ఇలా రా తల్లీ! ఇందాక నువ్వు మైకుకు ఎంత దూరంలో నిలబడ్డావు?" అని అడిగాడు.

"జానెడున్నర దూరం ఉంటుంది తాతగారూ! అది చాలా గొప్ప మైకు, మీద పడి పాడకూడదని చెప్పారు."

తాత స్కేలు తెప్పించి కొలిచాడు. 30 సెంటీమీటర్లు. ఆయన తన పెట్టెలోనుంచి చేతిలో పట్టుకునే మైకు ఒకటి తీసి, అమ్మాయి పెదవులకు 5 సెంటీమీటర్ల దూరంలో, అంటే సుమారు మూడు వేళ్ళ ఎడంలో పట్టుకోమన్నాడు. దూరం ఆరోవంతు అయితే మైకులో పడే గొంతు సుమారు ఆరు రెట్లు అవుతుంది. అమ్మాయి అంతకుముందు పాడినట్టే పాడింది, కొంచెం కూడా గొంతు పెంచలేదు. కాని మీటను ఇదివరకు పెట్టినచోట పెట్టవలసిన అవసరమే లేకపోయింది. మీట తగ్గితే తిరుగుతున్న శబ్దమూ తగ్గింది.

ఇది మొదటి దారి. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండో దారిలోనే మైకు ఎంచుకోవటంలోని కిటుకంతా ఉన్నది. మైకులన్నీ ఒకే తీరున వినవు. కొన్ని ముందూ వెనకా పక్కలా అన్నివైపులా సమంగా వింటాయి. అరువు తెచ్చిన మైకు వెనక చిన్న మీట ఉన్నది. దాని పక్కన సున్నా గుర్తు, గుండె గుర్తు, ఎనిమిది అంకె గుర్తు ఉన్నాయి. మీట సున్నా మీద ఉన్నది. అంటే ఆ మైకు అమ్మాయి పాటా, పక్కనున్న డోలకూ, రెండు పక్కల లౌడ్‌స్పీకర్లూ, పైన తిరిగే ఫానూ, అన్నిటినీ సమానంగా వింటున్నదన్నమాట! గుండుసూది పడినా వినపడటం వేదిక మీద గొప్ప కాదు, తప్పు.

రెండో రకం మైకు వినే తీరు తమలపాకులాగా ఉంటుంది. కొన తుంచేసిన తమలపాకును బల్ల మీద పరచి, తొడిమ అంటుకునే చోట మైకు ఉన్నదనుకోండి. ఆకు ఎటువైపు ఎంత దూరం పోయిందో, మైకు అటువైపు అంతగా వింటుంది. ముందువైపు బాగా వింటుంది, పక్కలకు తక్కువగా వింటుంది, తొడిమ వైపు, అంటే తన వెనక వైపు, దాదాపు వినదు. గుండె గుర్తుకు అర్థం ఇదే.

చెవి ఉన్నది ఒక వైపు వినటం మానేస్తుందా అని మీరు అడగవచ్చు. ఊగే తలుపును ఇద్దరు చెరొకవైపునుంచీ ఒకేసారి సమంగా నెడితే ఏమవుతుంది? తలుపు కదలదు. ఈ మైకుకు ముందు దారి ఒకటి, వల కిందగా వెనక దారి ఒకటి ఉంటాయి. వెనకనుంచి వచ్చిన శబ్దం వెనక దారిలో ముందే దూరుతుంది. కాని లోపల దాన్ని కాస్త ఆలస్యం చేసే ఏర్పాటు ఉన్నది. ఈలోపల అదే శబ్దం బయటినుంచి చుట్టుతిరిగి ముందువైపు వస్తుంది. రెండూ పొరను రెండువైపులా ఒకేసారి నెడతాయి. పొర కదలదు! ముందునుంచి వచ్చే శబ్దానికి ఈ కట్టడి లేదు. అది ముందువైపు ముందుగా, వెనకవైపు ఆలస్యంగా తగులుతుంది కనక పొర చక్కగా ఆడుతుంది.

ఒకే పొరతో ఈ పని చేయించవచ్చునని అమెరికాలో ష్యూర్ కంపెనీలో పనిచేసే బెంజమిన్ బావర్ అనే యువకుడు కనిపెట్టాడు. ఆ మైకు 1939లో అమ్మకానికి వచ్చింది. పాత ఫోటోలలో ఎల్విస్ ప్రెస్లీ ముందర నిలువు పట్టీలతో మెరిసే లావుపాటి మైకు కనిపిస్తుందే, ఆ కుటుంబానిదే. అదే కంపెనీ 1966లో పైన గుండ్రని వల ఉన్న ఎస్.ఎం. 58 అనే చేతిమైకు తెచ్చింది. ఎస్.ఎం. అంటే స్టూడియో మైకు అని అర్థం. కాని స్టూడియోల కన్నా వేదికల మీదనే అది ఎక్కువ పేరు తెచ్చుకున్నది. దాని బరువు 298 గ్రాములు. ఇప్పటికీ అదే రూపంలో దొరుకుతుంది. మీరు చూసిన చేతిమైకుల్లో చాలా వాటికి దాని పోలిక ఉంటుంది.

తాత పెట్టెలో రెండు చేతిమైకులు ఉన్నాయి. ఒకటి తమలపాకు రకం. రెండోది అంతకన్నా సన్నని ఆకు. పక్కలనుంచి వచ్చేది ఇంకా తక్కువగా వింటుంది. ఇందులో ఒక చిక్కు ఉన్నది. సన్నని ఆకు మైకు సరిగ్గా వెనకనుంచి వచ్చేదాన్ని కాస్త వింటుంది, వెనక చెరొకవైపు వాలుగా ఉన్నచోట అసలు వినదు. పాటగాళ్ళకు తమ పాట తమకు వినపడేటందుకు వేదిక మీద వాలుగా ఒక చిన్న లౌడ్‌స్పీకరు పెడతారు, దాన్ని మానిటరు అంటారు. మొదటి రకం మైకయితే మానిటరు సరిగ్గా మైకు వెనక ఉండాలి. రెండో రకమయితే ఒక పక్కకు జరగాలి. మైకు మార్చి మానిటరు మార్చకపోతే కూత మళ్ళీ మొదలు.

ఇక ఎవరికి ఏ మైకు? తాత ధర చూడలేదు, పేరూ చూడలేదు. ఇద్దరిచేతా రెండు మైకుల్లోనూ ఒకే చరణం పాడించాడు. డోలక్, గిటారు, కీబోర్డు మామూలుగా మోగుతూనే ఉండాలన్నాడు. మిగిలినవాళ్ళం హాలు చివర గోడవైపు తిరిగి కూర్చున్నాం. ఎవరు ఏ మైకు పట్టుకున్నదీ మాకు తెలియదు. మాటలు స్పష్టంగా వినిపిస్తే చెయ్యి ఎత్తటం, అంతే మా పని.

అమ్మాయికి రెండో మైకులో చేతులు ఎక్కువ లేచాయి. ఆ మెత్తని గొంతులో ఉన్న స, శ, చ లాంటి అక్షరాలు అందులో విడివిడిగా వినిపించాయి. అదే మైకులో కుర్రవాడి గొంతు కరుకుగా ఉన్నది. మొదటిదానిలో బాగున్నది గాని, అతను సినిమాల్లో చూసినట్టు మైకును మూతికి ఆనించుకునేసరికి గొంతు బానలోనుంచి వచ్చినట్టయింది. ఈ తమలపాకు మైకులకు అదొక గుణం: మరీ దగ్గిరగా పాడితే మంద్రస్వరాలు ఉబ్బిపోతాయి. సన్నగొంతు వాళ్ళకు అది మేలే చేస్తుంది, గొంతు నిండుగా అవుతుంది. గంగాళం గొంతువాడికి గంగాళం మీద గంగాళం! తాత అతన్ని అయిదారు వేళ్ళ ఎడం ఉంచమన్నాడు. ఒకే బృందంలో ఇద్దరికి ఒకే మైకూ సరిపడలేదు, ఒకే దూరమూ సరిపడలేదు.

ఇంకొక చిక్కు. పాటలో "ప", "ఫ", "బ", "భ" వచ్చినప్పుడల్లా మైకు "ధబ్" మంటున్నది. మీ అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని "పాపాయి" అనండి, తరవాత "నానాయి" అనండి. మొదటిసారి చేతికి గాలి తగులుతుంది. ఆ గాలే పొరను తంతుంది. అందుకు మైకును నోటికి సూటిగా కాక కొంచెం పక్కనుంచి పట్టుకుంటే చాలు. గాలి పక్కనుంచి పోతుంది, పాట మైకులో పడుతుంది.

డోలక్ కుర్రవాడికి చేతులు ఖాళీగా లేవు కనక స్టాండుకు మైకు పెట్టారు. వంత పాట అయిపోగానే దాన్ని కట్టేయమని తాత తన మనవడికి చెప్పాడు. తెరిచి ఉన్న ప్రతి మైకూ లౌడ్‌స్పీకరుకు మరొక చెవి. చెవులు పెరిగేకొద్దీ కూత దగ్గిరపడుతుంది. కీబోర్డుకు మైకు ఎందుకూ? తీగ నేరుగా మిక్సరుకు కలిపేశాడు. తీగ లేని మైకులు కావాలని కుర్రవాడు సరదాపడ్డాడు గాని, పాట మధ్యలో బాటరీ అయిపోతే ఎవరు పాడతారని తాత ఒప్పుకోలేదు. నాకు కూడా తాత మాటే నచ్చింది.

వార్షికోత్సవం నాడు హాలు కిటకిటలాడింది. అమ్మాయి మూడు వేళ్ళ ఎడంలో మైకు పట్టుకుని, ఎప్పటి మెత్తని గొంతుతోనే పాడింది. నేను కావాలని చిట్టచివరి వరసలో కూర్చున్నాను. ప్రతి అక్షరమూ వినిపించింది. డ్రిల్లు మాస్టారు నా పక్కనే నిలబడి విన్నారు. పాట అయ్యాక నేరుగా మైకుసెట్టు తాత దగ్గిరికి వెళ్ళి, ఆ అమ్మాయికి రెండో పాట ఉన్నదా అని అడిగారు. ఉన్నది, అది కూడా పాడింది.

అంతసేపు మైకు ఒక్కసారి కూడా కూయలేదు. చివరికి పెద్దాయన ఒకరు వందన సమర్పణకు లేచారు. ఆయన మైకుకు రెండడుగుల దూరంలో నిలబడి మొదలుపెట్టారు. వెనకనుంచి "వినపడటం లేదు!" అని కేకలు వచ్చాయి. మనవడు మీట పైకి జరిపాడు. మైకు సన్నగా ఈల వేసింది. ఆయన కంగారుపడి, నోరు మూసినట్టుగా, మైకు వలను రెండు చేతులతోనూ గట్టిగా మూసేశారు.

వెనక దారి మూసుకుపోతే తలుపును అవతలనుంచి నెట్టేవాడు ఉండడు. తమలపాకు కాస్తా సున్నా అయిపోతుంది. మైకు "కూఁ..." అని, అంతవరకూ ఎన్నడూ కూయనంత గట్టిగా కూసింది. మెట్ల పక్కన కూర్చున్న అమ్మాయి చెవులు మూసుకుని, "చేతులు తియ్యండి తాతగారూ!" అని అరిచింది. మైకు లేకుండానే ఆ కేక హాలంతా వినపడింది.